పింఛను వేరు, పెన్షన్ వేరా?

మా పల్లెలో ఒకే మాటను రెండు రకాలుగా పలుకుతారు. ముసలమ్మకు నెల మొదటి తేదీన చేతిలో పడేది ‘పింఛను’. రిటైరైన పంతులుకు, తాలూకాఫీసు గుమాస్తాకు బ్యాంకులో పడేది ‘పెన్షన్’. పుట్టుక ఒకటే, ఇంగ్లీషువాడు వదిలిపోయిన మాట. కానీ పింఛను అనేటప్పుడు చెయ్యి కిందికి ఉంటది, పెన్షన్ అనేటప్పుడు తల పైకి ఉంటది. ఒకటి దయ, రెండోది హక్కు. ఈ తేడా ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు, ఓట్లప్పుడు మన వాకిళ్లకొచ్చే పెద్దమనుషులు దీని మీద ఏమంటున్నారు అన్నది ఇయ్యాల మాట్లాడుకుందాం.

మా ఇంట్లో ఆ రెండూ లేవు. మా అమ్మకు పింఛను లేదు, ఎందుకంటే ఆమె కొడుకు గవర్నమెంటు ఉద్యోగి. ఆమె కొడుక్కి పెన్షన్ లేదు, ఎందుకంటే వాడు 2004 సెప్టెంబరు 1 తర్వాత ఉద్యోగంలో చేరాడు. ఒకే ఇంట్లో తల్లినీ కొడుకునీ రెండు వేరు వేరు కాగితాలతో కొట్టారు. ఈ లెక్క నా ఒక్కడిదే అయితే పత్రికలో రాసేవాణ్ణి కాదు. తెనాలి నుంచి రేపల్లె దాకా, ఇటు బాపట్ల దాకా, చదువుకుని ఒక్కడంటే ఒక్కడు ఉద్యోగం ఎక్కిన ప్రతి దళిత ఇంటి లెక్క ఇదే.

అమ్మ లెక్క

మా అమ్మ నలభై ఏళ్లకు పైగా డెల్టా మాగాణిలో నాట్లు వేసింది, కలుపు తీసింది, కోత కోసింది, మినుము పీకింది. నాయన పోయాక ఆమెకు వితంతు పింఛను వచ్చేది. తర్వాత ఇంటింటి మ్యాపింగ్ అన్నారు. ఆమె ఉండేది పల్లెలో, నేను ఉండేది టౌనులో అద్దె ఇంట్లో. కంప్యూటర్లో మాత్రం ఆమె పేరు నా పేరు కింద చేరింది. ఇంట్లో గవర్నమెంటు ఉద్యోగి ఉన్నాడు గనుక అర్హత లేదని తేల్చారు. సంతకం పెట్టించుకోలేదు, మాట అడగలేదు. ఆ నెల రాలేదు, ఆ పై నెలా రాలేదు, అంతే.

నేను నెలనెలా డబ్బులిస్తున్నాను. అమ్మ పస్తులుండటం లేదు. అయినా ఆమె ఒకసారి ఒక మాట అంది: “ఒరేయ్ అబ్బాయ్, నువ్విచ్చేది నీ డబ్బురా. అది నా డబ్బు. నీది కావాలంటే నిన్నడగాల. నాదయితే ఎవర్నీ అడగబళ్లా.” అరవై ఏళ్లు దాటిన కూలి మనిషికి పింఛను ఏంటో ఏ ఆర్థికవేత్తా ఇంత సూటిగా చెప్పలేదు. కోడలి దగ్గర చెయ్యి చాపకుండా మనవడికి పది రూపాయలిచ్చే ధైర్యం అది. మందుబిళ్ళకు కొడుకు ముఖం చూడకుండా బతికే గౌరవం అది.

పక్కనున్న వాళ్లు అంటారు, “మాస్టారూ, మీ అమ్మ సంగతి సరే, మీకు జీతం ఉందిగా, అంతకన్నా లేనోళ్లు ఎంతమంది లేరు?” నిజం. మా అమ్మ కన్నా లేనివాళ్లు మా వీధిలోనే ఉన్నారు. కానీ వాళ్లను ఏరేసిన కత్తీ మా అమ్మను ఏరేసిన కత్తీ ఒక్కటే. మాగాణి మూడెకరాలు దాటిందా, కరెంటు మూడొందల యూనిట్లు దాటిందా, నాలుగు చక్రాల బండి ఉందా, ఇంట్లో ఉద్యోగి ఉన్నాడా అని ఆరంచెల జల్లెడ పెట్టారు. అప్పు చేసి పాత కారు కొనుక్కుంటే యజమాని అయిపోతాడా? ఒకే మీటరు మీద ముగ్గురన్నదమ్ముల కాపురాలుంటే వాళ్లు షావుకార్లు అయిపోతారా? పైగా కార్డుకు ఒక్క పింఛనే అన్న నిబంధన. వికలాంగుల్లాంటి కొందరికి తప్ప, మొగుడూ పెళ్లామూ ఇద్దరూ ముసలోళ్లయినా ఒకళ్లకే. 2024 నవంబరు నుంచి, పింఛను తీసుకునే భర్త చనిపోతే భార్యకు ఇచ్చే ఏర్పాటు పెట్టారు. మంచిదే. కానీ దాని అర్థం చూడండి. ఆమెకు ముసలితనం భర్త పోయిన తర్వాతే మొదలవుద్దా?

రెండొందల నుంచి నాలుగు వేల దాకా

ఈ అంకెలు ప్రతి కార్యకర్తా నోటికి పట్టుకోవాలి. 1995 ఆగస్టు 15న కేంద్రం జాతీయ సామాజిక సహాయ పథకం పెట్టినప్పుడు ముసలివాళ్లకు దాని వాటా 75 రూపాయలు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి కాలంలో మన రాష్ట్రంలో పింఛను 200 అయింది. 2014 అక్టోబరులో చంద్రబాబు వెయ్యి చేశారు. 2019 ఏప్రిల్లో ఓట్లు ఉన్నాయనగా, ఆ జనవరిలో రెండు వేలు చేశారు. జగన్ గెలిచి 2019 మే 30న మొదటి సంతకంతో 2,250 చేశారు, వయసు 65 నుంచి 60కి తగ్గించారు. మూడు వేలు ఇస్తామన్న మాట మాత్రం మెట్లు మెట్లుగా వచ్చింది. 2022లో 2,500, 2023లో 2,750, 2024 జనవరికి, అంటే మళ్లీ ఓట్ల ముందుకు, మూడు వేలు.

2024 ఎన్నికల్లో రెండు కాగితాలు మన ముందుకొచ్చాయి. వైఎస్సార్ కాంగ్రెస్ మేనిఫెస్టో 2028 జనవరిలో 250, 2029 జనవరిలో మరో 250 పెంచి 3,500 చేస్తామంది. తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమి నాలుగు వేలు ఇస్తాం, ఏప్రిల్ నుంచే లెక్కగట్టి ఇస్తాం అంది. గెలిచాక 2024 జూలై 1న పాత బాకీ మూడు వేలు కలిపి ఏడు వేలు చేతిలో పెట్టారు. ముఖ్యమంత్రి స్వయంగా పెనుమాక వెళ్లి పంచారు. ఆ రోజు రాష్ట్రంలో 65 లక్షల పైచిలుకు మందికి అందింది. అన్న మాట నిలబెట్టుకున్నారు. దాన్ని కాదనక్కర్లేదు. మంచిని మంచి అనే నోటితోనే చెడును చెడు అనగలం.

కానీ మిత్రులారా, ఈ అంకెల వరసలో ఒకటి గమనించండి. పెంపు ఎప్పుడూ ధరలు చూసి రాలేదు, ఓట్లు చూసి వచ్చింది. 200 రూపాయలు ఏళ్ల తరబడి కదలకుండా ఉంది. ఆ ఏళ్లలో బియ్యం ధర కదలకుండా ఉందా? ఉద్యోగికి ధర పెరిగితే డీఏ వస్తది. కూలి మనిషికి ధర పెరిగితే ఎన్నికలు రావాలి. నాలుగు వేలంటే రోజుకు 133 రూపాయలు. 2024–25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి 300 రూపాయలు. అంటే పదమూడు రోజుల కూలితో నెలంతా బతకమని అర్థం. ఇది చాలా ఎక్కువైపోయిందని, జనం సోమరులవుతున్నారని అరుగుల మీద కూర్చుని మాట్లాడేవాళ్లు ఆ పదమూడు రోజులు ఎండలో నడుం వంచి చూడాలి.

ఇక ఢిల్లీ సంగతి. 2007 నుంచి కేంద్రం ముసలి పింఛనులో తన వాటాగా ఇచ్చేది 200 రూపాయలు. ఎనభై దాటితే 500. ఆ 200 అక్కడే రాయిలా కూర్చుంది. కాంగ్రెసు పోయి బీజేపీ వచ్చినా కదల్లేదు. 2024 ఏప్రిల్ 30న కూటమి మేనిఫెస్టో విడుదల చేసినప్పుడు దాని మీద మోదీ బొమ్మ లేదు, వచ్చిన బీజేపీ నాయకుడు ఆ పుస్తకం చేత పట్టుకోలేదు. నాలుగు వేలూ రాష్ట్రమే చూసుకోవాలి, మేం రెండొందల దగ్గరే ఉంటాం అని చెప్పకుండా చెప్పినట్టయింది.

ఏప్రిల్ ఎండలో జరిగింది

2024 మార్చి 30న వలంటీర్లతో పింఛన్లు పంచవద్దని ఎన్నికల సంఘం ఆదేశించింది. దాంతో ఏప్రిల్ నెల పింఛను కోసం ముసలివాళ్లను సచివాలయాల దగ్గరికి రమ్మన్నారు. మే నెల డబ్బులు బ్యాంకుల్లో వేశారు. ఆ రెండు నెలలూ మండుటెండలో కర్ర పట్టుకుని, మనవడి భుజం పట్టుకుని, మంచం మీద మోయించుకుని వచ్చినవాళ్లను మనం చూశాం. కొందరు ప్రాణాలు వదిలారని వార్తలొచ్చాయి. ఆ పార్టీ ఈ పార్టీ మీద, ఈ పార్టీ ఆ పార్టీ మీద ఆ శవాలను వేసుకున్నాయి. బాధ్యత తీసుకున్నవాడు మాత్రం లేడు.

దీంట్లో మనకు పాఠం ఉంది. ఇంటికి తెచ్చి ఇచ్చినప్పుడు అది ఎవడి బొమ్మతో వచ్చింది? పింఛను పేరే చూడండి. ఒకప్పుడు ఎన్టీఆర్ భరోసా, తర్వాత వైఎస్సార్ కానుక, మళ్లీ ఎన్టీఆర్ భరోసా. ‘కానుక’ అన్న మాట ఏంటసలు? కానుక దేవుడికిస్తారు, పెళ్లిలో ఇస్తారు. పని చేసి అరిగిపోయిన ఒంటికి ఇచ్చేది కానుక ఎట్లా అవుద్ది? రాజ్యాంగం 41వ అధికరణం నిరుద్యోగంలో, ముసలితనంలో, జబ్బులో ప్రభుత్వ సహాయం పొందే హక్కును కల్పించమని రాజ్యానికి చెప్పింది. అది కోర్టులో వేయడానికి వీల్లేని ఆదేశిక సూత్రం, నిజమే. అట్లాంటి సూత్రాలెందుకని అడిగినవాళ్లకు బాబాసాహెబ్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలోనే బదులు చెప్పారు. కోర్టులో జవాబు చెప్పకపోయినా, ఎన్నికల వేళ ఓటర్ల ముందు జవాబు చెప్పుకోక తప్పదని దాని భావం. అంటే ఆ జవాబు అడిగే పని ఆయన మనకు అప్పగించి పోయారు. మనం అడుగుతున్నామా?

డప్పుకు ఉంది, నాటుకు లేదు

పింఛన్ల జాబితా ఒకసారి పైనుంచి కిందికి చదవండి. చేనేత, కల్లుగీత, మత్స్యకారులు ఉన్నారు. యాభై నిండితే డప్పు కళాకారుడు ఉన్నాడు. నలభై నిండితే చెప్పులు కుట్టే చర్మకారుడు ఉన్నాడు. వీళ్లకు ఇవ్వాల్సిందే, ఇంకా ఎక్కువ ఇవ్వాల్సిందే. కానీ నా ప్రశ్న ఇది. మాదిగోడి చేతిలో డప్పును, మాదిగోడి చేతిలో తోలును గుర్తుపట్టిన సర్కారు, మాల మాదిగల చేతిలో కొడవలిని ఎందుకు గుర్తుపట్టదు? వాళ్ల చావుకి మనం కొట్టే దెబ్బ వృత్తి అయింది. వాళ్ల గాదె నింపడానికి మన ఆడవాళ్లు మోకాళ్లలోతు బురదలో వంగి చేసింది వృత్తి కాలేదు. కులం అంటగట్టిన పనికి జాబితాలో చోటుంది. అన్నం పెట్టిన పనికి లేదు.

వ్యవసాయ కూలికి కూలీగా పింఛను కుదరని పనేం కాదు. కేరళలో 1980 నుంచీ వ్యవసాయ కార్మికుల పింఛను ఉంది. మన డెల్టాలో ఆడకూలీకి నలభై ఐదుకే మోకాళ్లు పోతాయి, నడుం పోతది, గర్భసంచి తీయించుకుని ఉంటది. అరవై దాకా ఆగు అంటే ఆ పదిహేనేళ్లు ఆమె ఎట్లా బతకాలి? 2024లో తెలుగుదేశం ‘జయహో బీసీ’ సభలో బీసీలకు యాభై ఏళ్లకే పింఛను అని డిక్లరేషన్ ఇచ్చింది. బీసీ సోదరులకు ఇస్తే సంతోషం. ఆ వయసు లెక్క కూలీ చేసే ప్రతి ఒంటికీ వర్తించాలని మనం అడగాలి. ఎక్కువ అరిగిన ఒంటికి తక్కువ వయసులో ఇవ్వటం న్యాయం.

ఊళ్లలో, పట్నాల్లో చెత్త ఎత్తేవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లు, యానాదులు. తెల్లారకముందే వీధి ఊడ్చే తల్లి ఏళ్ల తరబడి కాంట్రాక్టులోనో అవుట్‌సోర్సింగ్‌లోనో ఉండి, చివరికి ఈపీఎఫ్ పింఛను కింద ఎంత తీసుకుంటుంది? 2014 సెప్టెంబరు నుంచి దాని కనీసం నెలకు వెయ్యి రూపాయలు. ఊరి మురికి ఎత్తి ఎత్తి ఊపిరితిత్తులు పోగొట్టుకున్న మనిషికి రోజుకు ముప్ఫై మూడు రూపాయలు. 2023 డిసెంబరు నుంచి 42 రోజులు సమ్మె చేసిన అంగన్‌వాడీ అక్కలు అడిగిన వాటిలో గ్రాట్యుటీ ఒకటి. అంగన్‌వాడీలకు గ్రాట్యుటీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్లోనే చెప్పింది. దాన్ని అడిగిన పాపానికి వాళ్ల మీద ఎస్మా ప్రయోగించారు.

కొడుకు లెక్క

ఇప్పుడు నా సంగతి. మా వంశంలో బి.ఇడి. చదివిన మొదటివాణ్ణి నేను. డీఎస్సీ 2003 నోటిఫికేషన్ 2003 నవంబరులో పడింది. అప్పటికి పాత పెన్షనే ఉంది. పరీక్ష రాసి, కోర్టు కేసులు తేలి, పోస్టింగు ఇచ్చేసరికి 2005. ఆ మధ్యలో 2004 సెప్టెంబరు 1 వచ్చి పోయింది. ఆ తేదీ నుంచి చేరినవాళ్లంతా కాంట్రిబ్యూటరీ పెన్షన్, సీపీఎస్. నోటిఫికేషన్ వాళ్లది, ఆలస్యం వాళ్లది, నష్టం మాది. కేంద్ర ప్రభుత్వం 2003 డిసెంబరు 22కి ముందు నోటిఫికేషన్ పడిన ఉద్యోగాలకు పాత పెన్షన్ ఎంచుకునే వీలు 2023 మార్చిలో 57వ నంబరు మెమో ద్వారా ఇచ్చింది. మా డీఎస్సీ వాళ్లం అదే న్యాయం ఇక్కడా చేయమని అడుగుతూ వచ్చాం.

సీపీఎస్ అంటే ఏంటో పల్లెలో చాలామందికి తెలీదు. నా మూలవేతనం, డీఏలో నుంచి నెలనెలా పది శాతం కోస్తారు. ప్రభుత్వం పది శాతం వేస్తది. అదంతా షేర్ మార్కెట్ దారిలో నడుస్తది. రిటైరైన రోజున అరవై శాతం చేతికిచ్చి, నలభై శాతం ఒక బీమా కంపెనీలో పెడతారు. ఆ కంపెనీ ఇచ్చేదే నెల పెన్షన్. లెక్కకు ఇరవై లక్షలు పోగయిందనుకోండి. నలభై శాతం ఎనిమిది లక్షలు. ఏడాదికి ఆరు శాతం ఇచ్చారనుకుంటే 48 వేలు. నెలకు నాలుగు వేలు. చూశారా? ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పి, ప్రతి నెలా జీతం కోయించుకున్న పంతులు తీసుకునేది ఎన్టీఆర్ భరోసా అంతే. దానికి డీఏ పెరుగుదల లేదు, పీఆర్సీ లేదు. పాత పద్ధతిలో చివరి మూలవేతనం ఎనభై వేలుంటే పెన్షన్ నలభై వేలు, దాని మీద కరువు భత్యం, తర్వాత భార్యకు ఫ్యామిలీ పెన్షన్. జీతంలో పైసా కోత లేదు.

ఇది ఎప్పుడు జరిగిందో చూడండి. తరతరాలుగా సర్కారు కుర్చీల్లో కూర్చున్నవాళ్లు పాత పెన్షన్‌తో నిశ్చింతగా దిగి వెళ్లారు. పాత రోజుల్లో మనవాళ్లు ఆఫీసుల్లో ఉంటే అటెండరుగా, స్వీపరుగా ఉన్నారు. రిజర్వేషన్ మీద, హాస్టళ్ల గంజి మీద చదివిన మన మొదటి తరం గుంపుగా మెట్లెక్కిన కాలానికి సరిగ్గా నిచ్చెన లాగేశారు. అయ్య ఆస్తి ఉన్నవాడికి పెన్షన్ పోయినా పొలం ఉంటది, స్థలం ఉంటది. మనకు ముసలితనంలో ఉండే ఒకే ఒక ఎకరం ఈ పెన్షనే. దాన్ని షేర్ మార్కెట్‌కు కౌలుకిచ్చారు.

ఎవరేమన్నారు, ఎవరేం చేశారు

ఈ పాపంలో వేలు పెట్టని పెద్ద పార్టీ లేదు. కొత్త పెన్షన్ 2003 డిసెంబరులో తెచ్చింది వాజపేయి ప్రభుత్వం. 2004లో మన రాష్ట్రంలో అమలు చేసింది కాంగ్రెసు ప్రభుత్వం. దానికి చట్టం 2013లో కాంగ్రెసు తెస్తే బీజేపీ చెయ్యెత్తింది. జగన్ పాదయాత్రలో అధికారంలోకొచ్చిన వారంలో సీపీఎస్ రద్దు అన్నారు. నాలాంటివాళ్లు వేలమంది నమ్మి ఓటేశారు. వారం కాదు, ఏళ్లు గడిచాయి. 2021 డిసెంబరులో ఆ ప్రభుత్వ సలహాదారు సజ్జల రామకృష్ణారెడ్డి సాంకేతిక విషయాలు తెలియక హామీ ఇచ్చామన్నారు. 2022 సెప్టెంబరు 1న విజయవాడకు రావాలనుకున్న ఉద్యోగులను పోలీసులతో అడ్డుకునే ఏర్పాట్లు చేశారు. చివరికి 2023 సెప్టెంబరులో గ్యారంటీ పెన్షన్, జీపీఎస్ చట్టం చేశారు. చివరి మూలవేతనంలో సగం గ్యారంటీ అన్నారు. కోత మాత్రం ఆగదు. సగం రొట్టె ఇచ్చి, పిండి నువ్వే తెచ్చుకో అన్నట్టుంది.

2024లో కూటమి ఏమంది? సీపీఎస్, జీపీఎస్‌ను పునఃసమీక్షించి ఆమోదయోగ్యమైన పరిష్కారం చూస్తామంది. నేను తెలుగు మాస్టార్ని. ‘రద్దు’ అన్న మాటకు, ‘ఆమోదయోగ్యమైన పరిష్కారం’ అన్న మాటకు తేడా పిల్లలకు చెప్పేవాణ్ణి. మొదటిదాంట్లో పని ఉంది. రెండోదాంట్లో దారి ఉంది, తప్పించుకునే దారి. ఇంకోపక్క కేంద్రం 2024 ఆగస్టులో ఏకీకృత పెన్షన్, యూపీఎస్ అని ప్రకటించి 2025 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి తెచ్చింది. పాతికేళ్ల సర్వీసుకు సగం జీతం గ్యారంటీ, ఉద్యోగి కోత మాత్రం అలాగే. అన్ని దారులూ జీపీఎస్ ఊరికే పోతున్నాయి. పాత పెన్షన్ తెస్తామన్న కాంగ్రెసు రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, హిమాచల్‌లో తెచ్చింది, కానీ 2024 జాతీయ మేనిఫెస్టోలో ఆ మాట మింగేసింది.

మన దగ్గర నిలబడ్డవాళ్ల సంగతి. తెనాలిలో నాదెండ్ల మనోహర్, అన్నాబత్తుని శివకుమార్. బాపట్లలో వేగేశన నరేంద్రవర్మ, కోన రఘుపతి. రేపల్లెలో అనగాని సత్యప్రసాద్, ఈవూరు గణేష్. ఎస్సీ రిజర్వుడ్ అయిన బాపట్ల పార్లమెంటుకు తెన్నేటి కృష్ణప్రసాద్, నందిగం సురేష్, కాంగ్రెసు నుంచి జేడీ శీలం. వీళ్లలో ఎవరు ఏ సభలో ఏమన్నారన్నది కాదు ముఖ్యం. ఏ మేనిఫెస్టో కింద సంతకం పెట్టి నిలబడ్డారన్నదే ముఖ్యం. పింఛను అంకె మీద అందరూ గొంతు చించుకున్నారు. అది హక్కుగా చట్టంలో ఉండాలని, ధరతో పాటు పెరగాలని ఆ రెండు పెద్ద మేనిఫెస్టోల్లోనూ లేదు. గెలిచినవాళ్లలో మనోహర్, సత్యప్రసాద్ 2024 జూన్ నుంచి మంత్రులయ్యారు. అడగడానికి మనకు దూరం పోనక్కర్లేదు. రిజర్వుడ్ సీటు మన సీటు అంటాం కదా, ఆ ఎంపీనీ అడగాలి, ఢిల్లీ రెండొందలు ఎప్పుడు కదుల్తాయని.

2025 ఫిబ్రవరిలో కృష్ణా–గుంటూరు పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక జరిగింది. పాత పెన్షన్ కోసం మండలిలో గొంతెత్తిన పీడీఎఫ్ అభ్యర్థి కె.ఎస్. లక్ష్మణరావు ఓడిపోయారు. తెనాలి నాయకుడు ఆలపాటి రాజేంద్రప్రసాద్ భారీగా గెలిచారు. చదువుకున్న మనమే మన పెన్షన్ ప్రశ్నను ఓటు దగ్గర మర్చిపోతే, చదువులేని అమ్మను ఏమని తప్పుపడతాం?

ఇంకో ముచ్చట. ఒక్కసారి ఎమ్మెల్యే అయితే చాలు, జీవితాంతం పెన్షన్. దానికి షేర్ మార్కెట్ లేదు, ఆరంచెల జల్లెడ లేదు, ఇంటికి ఒకటే అన్న రూలు లేదు. పంజాబు 2022లో ఒక ఎమ్మెల్యేకి ఒక్క పెన్షనే అని చట్టం చేసింది. సీపీఎస్ మంచిదని చెప్పే ప్రతి నాయకుణ్ణీ మీరూ అందులో చేరతారా అని అడిగితే చాలు.

మనలో మనం

ఇక్కడ ఒక మాట నా తోటి ఉద్యోగులతో. అన్నా, పాత పెన్షన్ కోసం మనం జెండా పట్టినప్పుడు పల్లె మన వెనక రాలేదు. ఎందుకు రాలేదో ఆలోచించామా? మన అమ్మల పింఛను తీసేసినప్పుడు మనం సంఘంగా సచివాలయం ముందు నిలబడ్డామా? జీతగాడి గోడు జీతగాడిదే అయితే, ఖజానా ఖాళీ అని చెప్పి ఒకణ్ణి ఒకడి మీదికి ఉసిగొల్పడం వాళ్లకు సులువు. పంతుళ్లకు పెన్షనిస్తే అవ్వలకు పింఛను ఉండదంటారు. ఖర్చు లేదని నేను అబద్ధం చెప్పను. పాత పెన్షన్‌కు డబ్బు కావాలి, పింఛనుకూ డబ్బు కావాలి. ఆ డబ్బు ఎవరి దగ్గర పన్నుగా తీసుకోవాలన్నదే అసలు తగాదా. ఆ తగాదా జరగకుండా అవ్వనూ మనవణ్ణీ కొట్లాడిస్తున్నారు.

పల్లె పెద్దలతో ఒక మాట. మాస్టారుకేంలే, జీతగాడు అనకండి. మీ పిల్లలు చదువుతున్నారు. రేపు వాళ్లు ఎక్కబోయే కుర్చీకి కాళ్లు విరిచారు. ఇయ్యాల నా పెన్షన్ అడగడం రేపు మీ పిల్లాడి ముసలితనం అడగడం. వర్గీకరణ మీద మనలో మనకు ఎన్ని మాటలున్నా, ముసలితనం మాలా మాదిగా అని అడిగి రాదు.

సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న నకారా కేసులో పెన్షన్ ప్రభుత్వం దయతో పడేసే భిక్ష కాదు, చేసిన పనికి దక్కే హక్కు అన్న సూత్రం చెప్పింది. ఆ కేసు ఉద్యోగులది. కానీ ఆ న్యాయం ఉద్యోగితో ఎందుకు ఆగాలి? సర్కారు బడిలో పాఠం చెప్పడం సేవ అయితే, దేశానికి బియ్యం పండించడం సేవ కాదా? అమ్మ నాటు వేసిన చేనుకు హాజరుపట్టీ లేదు, సర్వీసు రిజిస్టరు లేదు, అంతమాత్రాన సర్వీసు లేకుండా పోద్దా?

కాబట్టి రేపు సర్పంచి కోసం గానీ, ఎమ్మెల్యే కోసం గానీ మన వాకిట్లోకి ఎవడొచ్చినా, ఏ రంగు కండువా వేసుకొచ్చినా, ఈ ఐదు ప్రశ్నలు అడగండి. కార్యకర్తలు వీటిని గోడల మీద రాయండి.

ఒకటి: పింఛనును చట్టబద్ధ హక్కుగా చేస్తారా? ధర పెరిగినప్పుడు దానంతటదే పెరిగేట్టు రాస్తారా?

రెండు: ఇంటికి ఒక్కటే అన్న రూలు, ఉద్యోగి తల్లి అన్న రూలు తీసేస్తారా?

మూడు: వ్యవసాయ కూలీకి యాభై ఏళ్లకే కూలీగా పింఛను ఇస్తారా?

నాలుగు: సీపీఎస్, జీపీఎస్ రద్దు చేసి పాత పెన్షన్ ఇస్తారా? అవునో కాదో, పరిష్కారం అన్న మాట వద్దు.

ఐదు: పారిశుధ్య కార్మికులకు, అంగన్‌వాడీలకు బతకదగ్గ పెన్షన్, గ్రాట్యుటీ ఇస్తారా?

జవాబు నోటితో తీసుకోకండి, కాగితం మీద తీసుకోండి, తేదీతో సంతకం పెట్టించండి. మన దగ్గర ఇన్నాళ్లూ వేలిముద్రలు తీసుకున్నారు. ఇప్పుడు వాళ్ల సంతకాలు మనం తీసుకుందాం.

మా అమ్మ అడిగిన మాటతో ముగిస్తాను. ‘అది నా డబ్బు’ అంది ఆమె. చదువు లేని మనిషి. ఏ పార్టీ మేనిఫెస్టోలోనైనా ఆ మాట కనపడిన రోజున నేను ఈ వ్యాసం రాయడం మానేస్తాను. పింఛను, పెన్షన్ రెండు కావు, ఒక్కటే హక్కు.

జై భీమ్!